నాయనమ్మ పుట్టింటి పేరు

పోయిన శనివారం మధ్యాహ్నం మా మనవరాలు లీనా బడి సంచీతో వచ్చి, వంటింటి బల్ల మీద నా పప్పుడబ్బాలు పక్కకు జరిపి, ఒక పెద్ద కాగితం పరిచింది. వాళ్ల బళ్లో స్టామ్‌బౌమ్ గీసుకు రమ్మన్నారట, అంటే వంశవృక్షం. అడుగున దాని పేరు, పైన అమ్మా నాన్నా, ఆ పైన నలుగురు, ఆ పైన ఎనిమిది మంది, ఆ పైన పదహారు మంది. ఆడవాళ్లందరికీ పుట్టింటి పేరే రాయాలట. సోమవారానికి కావాలి. దాని తండ్రి ఇక్కడివాడే, జర్మను. ఆ వైపు గడులన్నీ వాళ్ల బామ్మకు ఒక్క ఫోను కొడితే నిండిపోయాయి. మా వైపుకు వచ్చేసరికి బోలెడన్ని ఖాళీలు. నాకు ఓపిక లేదు. మోకాళ్లు పోయాయి, మా ఆయన పోయి నాలుగేళ్లయింది, పాత పేర్లు నాలుగు గుర్తు చేసుకోవాలంటే మధ్యలో ఒకసారి కాఫీ తాగాల్సి వస్తోంది. అయినా కూర్చుని మా ఆయన వైపు వాళ్లవి ఒక్కొక్కటే చెప్పాను, అది రాసుకుంటూ పోయింది.

అన్నిటికంటే పై వరసలో ఒక గడి మాత్రం ఇంటి దగ్గరే నింపుకుని వచ్చింది. మా నాన్న తల్లి రత్తమ్మ గడి. పుట్టింటి పేరు దగ్గర 'లాకుల' అని రాసి ఉంది. ఇదెక్కడిదే అని అడిగితే ఫోను తీసి చూపించింది. ఊళ్లో ఉన్న మా తమ్ముడి కొడుకు పంపిన ఫోటో. మా ఊరి బడిలో మంచినీళ్ల గది, దాని గోడకు బిగించిన నల్లరాయి, రాయి మీద తెల్లక్షరాలు: నూతలపాటి రత్తమ్మగారి జ్ఞాపకార్థం, పుట్టినిల్లు లాకుల వారు. తెలుగు చదవడం రాదు కాబట్టి ఆ పుట్టింటి పేరొక్కటీ వాడిచేత ఇంగ్లీషులో రాయించుకుంది. రాయి మీద ఉందంటే ఇక ఖాయమే కదా అమ్మమ్మా అని జర్మనులో అంది. ఆ పేరు నేను అల్లింది. యాభై ఏళ్లుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా.

మిగతావి రేపు నింపుదాంలే అని రెండు దోసెలు పోసి దాన్ని పంపించేశాను. తర్వాత కెల్లర్‌లోకి, అంటే ఇంటి అడుగు గదిలోకి, దిగాను. ఆ మెట్లు దిగొద్దని మా అమ్మాయి సుధ ఎన్నిసార్లు మొత్తుకుందో లెక్కలేదు. ఊరి నుంచి తెచ్చుకున్న ఇనప్పెట్టె అడుగున, సుధ చిన్నప్పటి ఉన్ని టోపీల కింద, చుట్ట చుట్టి దారం కట్టిన కాగితం దొరికింది. విప్పితే విసనకర్రలాగా పరుచుకుంటుంది. పిడి దగ్గర నా పేరు, దాని చుట్టూ వరసలు వరసలుగా గడులు, మీదికి పోయేకొద్దీ సన్నబడుతూ. చాలా గడులు ఖాళీ. వాటిలో ఒకదాని చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ఆ సున్నా చుట్టిన మనిషి జినెట్.

అరవైల చివర మేము కార్ల్స్‌రూహెకు దక్షిణాన, ట్రాం ఆఖరయ్యాక బస్సెక్కి వెళ్లాల్సిన ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన పట్నంలో చదువు ముగించి అక్కడే యంత్రాల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాడు. పట్నంలో మీటె, అంటే అద్దె, ఎక్కువ, పైగా మా రంగు చూసి గది అప్పుడే ఇచ్చేశామని చెప్పేవాళ్లు. ఈ ఊళ్లో ఫ్రావు కెస్లర్ అనే వితంతువు ఒకావిడ మేడ మీది రెండు గదులు మాకిచ్చింది. కింద వాటాలో జినెట్, ఆమె మొగుడు. అతను కెనడా సైన్యంలో విమానాలు బాగుచేసే మెకానిక్కు. రైను నది పక్కన వాళ్ల స్థావరం ఉండేది. అక్కడ క్వార్టర్లు చాలక కొన్ని కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లలో అద్దెకుండేవి. కెనడా వాళ్లంటే ఇంగ్లీషు దంచేస్తారని నేను బెదిరిపోయాను. తీరా చూస్తే జినెట్‌కి నా అంత ఇంగ్లీషు కూడా రాదు. వాళ్లు ఫ్రెంచివాళ్లు. ఫ్రాన్సు వదిలి మూడొందల ఏళ్లయినా ఫ్రెంచే మాట్లాడతారు. నా అరకొర జర్మను, తన అరకొర ఇంగ్లీషు కలిపి మేమిద్దరం ఒక భాష తయారు చేసుకున్నాం. అది ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. చెక్కమెట్లకు పూసే మైనం, బొగ్గు ఇటుకలు, కింద నుంచి జినెట్ గంటల తరబడి ఉడకబెట్టే పసుపుపచ్చ బఠాణీల సూపు, పైనుంచి నా పోపు. మెట్లు కడగడానికి వారానికొకరి వంతు. ఎవరి వంతయితే వాళ్ల తలుపుకి ఫ్రావు కెస్లర్ ఒక చెక్కపలక తగిలించేది. ఆదివారం బట్టలు ఆరేస్తే పలకరించేది కాదు. దారపు ముక్కలు కూడా పారేయకుండా డబ్బాలో దాచేది. పోపు పెట్టినప్పుడు మాత్రం పైకి రాకుండా, మెట్ల దగ్గర కిటికీ ధడాలున తెరిచి వెళ్లిపోయేది. అంతకుమించి ఒక్క మాట అనలేదు, ఆమె పుణ్యం.

పేరు విషయానికొస్తే, నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికే నాకు నా పేరు లేదు. పుట్టింట్లో నూతలపాటి వాళ్లమ్మాయిని. పెళ్లితో పెదపూడి వారి కోడల్నయ్యాను. ఆ తర్వాత ఊరి ఆఫీసు రాట్‌హౌస్‌లో అన్‌మెల్డుంగ్, అంటే ఇక్కడ ఉంటున్నామన్న నమోదు, రాయించేటప్పుడు మా ఆయన మనూళ్లో రాసుకున్నట్టే ముందు ఇంటిపేరు, వెనక తన పేరు రాశాడు. వాళ్ల పద్ధతిలో వెనక ఉన్నదే ఇంటిపేరు. దాంతో ఆయన పేరు పెదపూడి అయింది, మా ఇంటిపేరు సత్యనారాయణ అయింది. నేను ఫ్రావు, అంటే శ్రీమతి, సత్యనారాయణని. మొగుడి పేరు నోటితో అనకూడదని పెరిగిన మనిషిని, టెలిఫోను ఎత్తినప్పుడల్లా ఆ పేరే చెప్పుకోవాల్సి వచ్చింది. మార్పించమని మా ఆయన్ను పోరాను. దానికి ఊరి నుంచి తేవాల్సిన కాగితాల జాబితా చూసి ఆయన ఆ ఊసెత్తడం మానేశాడు. ఇప్పటికీ మా తలుపు బెల్లు మీద అదే పేరు.

ఈ కథ చెబితే జినెట్ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి, బీరువాలోంచి తన విసనకర్ర కాగితం తీసి బల్ల మీద పరిచింది. తన వంశం వెనక్కి వెనక్కి పట్టుకుంటూ వెళ్తోంది. వాళ్ల ఊరి చర్చికి ఉత్తరాలు రాస్తుంది. పాత రిజిస్టర్లలోంచి పెళ్లిళ్లు, చావులు ఎత్తి రాసి పంపమని వాళ్లమ్మను వేధిస్తుంది. జినెట్ పుట్టింటి పేరు లాఫ్లర్, అంటే పువ్వు. ఆరు తరాలు లాఫ్లర్లు వరసగా దొరికారట, ఏడో తరంలో మాయం. రెండేళ్లు వెతికాక తెలిసింది, వాళ్ల మూలపురుషుడి పేరు మార్తాన్ అని. సిపాయిగా వచ్చాడు. సైన్యంలో ప్రతివాడికీ ఒక మారుపేరు పెట్టేవాళ్లట. ఇతనికి పువ్వు అని పెట్టారు. రిజిస్టర్లో 'మార్తాన్, లాఫ్లర్ అని పిలవబడేవాడు' అని రెండూ రాసేవాళ్లు. పోనుపోను పిల్లల్లో కొందరికి మొదటిది మిగిలింది, కొందరికి రెండోది మిగిలింది. ఒకే తండ్రి బిడ్డలు రెండు ఇంటిపేర్ల వాళ్లయ్యారు. మా దగ్గరా అంతే, ఊరు మారితే, చేసే పని మారితే, దత్తుపోతే ఇంటిపేరు మారుతుందని చెప్పాను. ఆమెకు భలే సంతోషమేసింది.

అయితే నన్ను కదిలించింది ఇంకొకటి. ఆ రిజిస్టర్లలో ఆడవాళ్లందరికీ పుట్టింటి పేరే. పెళ్లయినా, పదిమంది బిడ్డల్ని కన్నా, చచ్చిపోయినా సరే. బతికున్నంత కాలం ఊళ్లో మొగుడి పేరుతో పిలిచినా, పాతిపెట్టేటప్పుడు పుట్టిన పేరుతోనే రాస్తారట. అందుకే జినెట్ తల్లి తల్లి తల్లి వరకూ పేర్లు చెప్పగలదు. చెప్పి, నీ సంగతేమిటి అంది. ఒక కాగితం మీద నాకూ గడులు గీసింది. అమ్మ పేరు చెప్పాను. అమ్మమ్మ పుట్టింటి పేరు, మా అమ్మ మేనమామల ఇంటిపేరే కాబట్టి, చెప్పాను. నాయనమ్మ దగ్గర ఆగిపోయాను. వల్లూరి వారని ఇంట్లో అనేవాళ్లు, అదే చెప్పాను. జినెట్ రాయబోయి, పెన్సిలు ఆపి, అది ఆమె తండ్రి పేరేనా అంది. అప్పుడు గుర్తొచ్చింది. వల్లూరి వారు నాయనమ్మను పెంచిన పెద్దమ్మగారి వాళ్లు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే రంగూన్ వెళ్లి తిరిగి రాలేదు. పెళ్లి పెద్దమ్మే చేసింది. అసలు ఇంటిపేరు నాకు తెలియదు. ఇరవై ఏళ్లు ఆవిడ పక్కలో పడుకుని పెరిగినదాన్ని, తెలియకపోవడమే కాదు, తెలియదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. జినెట్ ఆ గడి చుట్టూ సున్నా చుట్టింది.

నాన్నకు నీలం ఏరోగ్రాం రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది. చిరంజీవి సౌభాగ్యవతికి దీవెనలు, వానలు, మా తమ్ముడి చదువు, చివర ఒక వాక్యం: మీ నాయనమ్మ పుట్టిల్లు వల్లూరి వారని నీకు తెలియనిదా. వల్లూరి వారు కాదు, ఆమె కన్నతండ్రి ఇంటిపేరు, నాయనమ్మనే అడగండి అని మళ్లీ రాశాను. ఈసారి జవాబులో నాన్న కోపం కనిపించింది. డెబ్బై దాటిన మనిషిని పోయినవాళ్ల గురించి అడిగి ఏడిపించడం నా వల్ల కాదు, అక్కడ చలిలో పనీపాటా లేకపోతే కుట్టుపని నేర్చుకో, అని. మా నాన్న బడిపంతులు. పిల్లల్ని ప్రశ్నలడగడమే తప్ప, తను ఎవర్నీ అడిగి ఎరగడు.

ఒకరోజు మా బల్ల మీద గడుల కాగితం పరిచి ఉండగా ఫ్రావు కెస్లర్ మీటె రసీదు ఇవ్వడానికి పైకి వచ్చింది. కాగితం చూసి ఆమె మొహం మాడిపోయింది. దీన్ని ఎవరు అడిగారు అంది. ఎవరూ అడగలేదు, మేమే సరదాకి అన్నాను. సరదాకా అంది. కిందికి వెళ్లి, బూడిదరంగు చిన్న పుస్తకం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. హిట్లరు రోజుల్లో, తమలో యూదు రక్తం లేదని రుజువుకి, అందరూ రాయించుకోవాల్సిన వంశం పుస్తకం. ప్రతి గడిలో ఒక పేరు, పక్కన పాదిరి సంతకం, ముద్ర. ఆమెకు పెళ్లి కుదిరిన అబ్బాయికి రైల్వేలో ఉద్యోగం. పెళ్లికూతురి తాతలు బామ్మలు అందరూ ఎవరో రుజువు చూపిస్తే తప్ప పెళ్లికి ఒప్పుకోరు. ఆమె బామ్మ ఒకావిడ ఎవరి బిడ్డో తెలియదు, నది అవతల ఎవరో పెంచుకున్నారు. ఆ ఒక్క గడితో ఏడాదిన్నర పెళ్లి ఆగిపోయింది. ఆఖరికి ఒక ముసలి పాదిరి కళ్లజోడు పెట్టుకుని, ఏమీ అనకుండా, ఆ గడిలో ఒక పేరు రాసి ముద్ర కొట్టి ఇచ్చాడట.

"ఆ పేరు గల మనిషి ఎక్కడా పుట్టలేదు," అంది ఫ్రావు కెస్లర్. "మా పక్కింటి డాక్టరుగారి పుస్తకంలో అన్ని గడులూ నిండుగానే ఉన్నాయి. అన్నీ నిజమైన పేర్లే. అందుకే వాళ్లని తీసుకుపోయారు."

ఆ పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, ఖాళీ గడి ఉంచుకోగలగడం నీ అదృష్టం అనుకో అని మెట్లు దిగిపోయింది. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. జినెట్‌కు చెప్పాను. మనం రాసేది ఎవరికీ చూపించడానికి కాదు కదా, పోయినవాళ్ల కోసం కదా అంది. కావచ్చు. అయినా ఆ తర్వాత మేము ఆ కాగితాలు జినెట్ వంటింట్లోనే పరుచుకునేవాళ్లం.

సుధకు రెండేళ్లు నిండాక మా తమ్ముడి పెళ్లికి ఇండియా బయల్దేరాను. అయిదేళ్ల తర్వాత మొదటి ప్రయాణం. వెళ్లేముందు జినెట్ తన చెవి వెనక ఎప్పుడూ ఉండే పెన్సిలు తీసి నా చేతిలో పెట్టింది. ఆమెకు ఒక నియమం ఉండేది: విన్న వెంటనే రాయాలి, రాయకపోతే విననట్టే. రాసేశాకే కాఫీ అయినా, కన్నీళ్లయినా. సరేనన్నాను. ఆ పెన్సిలు సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకున్నాను.

పెళ్లి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం నాయనమ్మ వెనక వసారాలో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. అయిదేళ్లలో బాగా చిక్కిపోయింది, చూపు తగ్గింది, వేళ్లు మాత్రం గింజను తడిమి పట్టుకుంటున్నాయి. పక్కన కూర్చుని నేనూ రెండు గింజలు తీసి, నాయనమ్మా, మీ నాన్నగారి ఇంటిపేరేమిటి అని అడిగాను. ఏడుస్తుందేమోనని నాన్న చెప్పింది గుర్తొచ్చింది. ఏడవలేదు. చింతపండు చేతులు గాల్లో అలాగే ఆపి, నా వైపు మొహం తిప్పింది.

"ఇన్నాళ్లకి అడిగావా," అంది. "అరవై ఏళ్లయిందే ఈ ఇంటికొచ్చి. ఒక్కళ్లూ అడగలా."

తర్వాత చెప్పింది. వాళ్ల నాన్న కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే పని చేసేవాడట. పడవలొస్తే నాన్న చక్రం తిప్పుతుంటే తను గట్టు మీద నిలబడి చూసేదట. ఏడాదిలో వస్తామని చెప్పి పెద్దమ్మ దగ్గర దిగబెట్టి రంగూన్ వెళ్లారు. అక్కడేమయ్యారో కబురు లేదు. వస్తారేమోనని పడవ చప్పుడయినప్పుడల్లా గట్టుకి పరిగెత్తేదాన్నే, పెద్దమ్మ కొట్టేది, అని నవ్వింది. ఇవన్నీ చెప్పి ఇంటిపేరు చెప్పింది. ఏదీ, ఒకసారి అను అంది. అన్నాను. ఇంకోసారి అను అంది. ఇంకోసారి అన్నాను. సరిగ్గానే అన్నాను. ఆవిడ మొహం నిండా సంతోషం. నా గడ్డం పట్టుకుంటే చెంపకి చింతపండు అంటుకుంది.

పెన్సిలు మేడ మీద సూట్‌కేసులో ఉంది. లేచి వెళ్దామనుకున్నాను. అప్పుడే వీధిలోంచి సుధ ఏడుపు వినిపించింది, పందిరి గుంజ తగిలి మోకాలు చీరుకుంది. దాన్ని ఎత్తుకున్నాను. ఆ తర్వాత పెళ్లివారి బట్టలు వచ్చాయని పిలిచారు. ఎక్కడికి పోతుందిలే, రెండుసార్లు అన్నానుగా అనుకున్నాను. పెళ్లయింది. సుధకు విరోచనాలు పట్టుకున్నాయి. బస్సులు, రైళ్లు, బొంబాయిలో ఎదురుచూపులు, విమానం. ఇల్లు చేరేసరికి నేను మనిషిలా లేను. వచ్చి చూస్తే కింద వాటా ఖాళీ. జినెట్ మొగుడికి హఠాత్తుగా బదిలీ అయిందట. నా తలుపు దగ్గర నా కాగితం చుట్ట, మీద ఒక చీటీ: సున్నా నింపి పంపు. నీరసంగా ఉండి ఆ చుట్టను పెట్టెలో పడేశాను. అప్పటికీ పేరు నాకు గుర్తుందనే నా నమ్మకం. ఉందో లేదో ఒక్కసారైనా అనుకుని చూడలేదు.

ఎనిమిది నెలలకు నాయనమ్మ పోయిందని ఉత్తరం వచ్చింది. ఏడ్చాను. కళ్లు తుడుచుకుని, ఆవిడకు నేను చేయగలిగింది ఇదొక్కటేననుకుని, పెట్టెలోంచి కాగితం తీసి, పెన్సిలు పట్టుకుని ఆ గడి ముందు కూర్చున్నాను. పేరు రాలేదు. వసారా గుర్తుంది. చింతపండు గుర్తుంది, చాప పోగులు లేచిన చోటు గుర్తుంది, ఇంకోసారి అను అన్న గొంతు గుర్తుంది. పేరు లేదు. మర్నాడు వస్తుందనుకున్నాను. మెట్లు కడుగుతూ, ట్రాంలో కూర్చుని, సుధకు అన్నం పెడుతూ ప్రయత్నించాను. తెలిసిన ఇంటిపేర్లన్నీ వరసగా అనుకుంటే ఇదేనేమో అనిపించేవి కొన్ని తగిలేవి, మరో గంటకు కాదనిపించేవి. నా తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

అప్పుడు నాన్న దగ్గర నుంచి రెండో ఉత్తరం. ఆయన రాతలో ఎన్నడూ లేనంత మెత్తదనం: అమ్మ పోయే ముందు రెండు రోజులు నీ పేరే తలిచింది. దానికి చెప్పాలే అని నవ్వుకుంది. ఏం చెప్పావమ్మా అంటే మా ఇంటిపేరు అంది. అదేమిటో నాకూ చెప్పమంటే, మీరెవరూ అడగలేదుగా, ఇప్పుడు దాన్నే అడగండి అంది. నీవు అడగమన్నప్పుడు నేను అడగలేదు. తప్పు నాదే. కన్నతల్లి పుట్టింటి పేరు తెలియని కొడుకుగా ఉండలేకపోతున్నాను, దయచేసి వ్రాయి.

మా నాన్న నన్ను అంతవరకూ దయచేసి అని ఏదీ అడగలేదు. ఆ మాట చదివిన నెల రోజుల వరకూ నేను జవాబు రాయలేదు. మర్చిపోయానని రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. మర్చిపోయాను అని ఏ ముఖం పెట్టుకుని రాయను? ఆవిడ చివరి రెండు రోజులూ నన్ను నమ్ముకుని నవ్వుకున్నదని తెలిశాక? అప్పుడు ఫ్రావు కెస్లర్ పుస్తకం గుర్తొచ్చింది. ఏమీ అనకుండా ఒక పేరు రాసిచ్చిన పాదిరి గుర్తొచ్చాడు. జినెట్ సిపాయికి పువ్వని పేరు పెట్టినవాళ్లు గుర్తొచ్చారు. ఏ ఇంటిపేరయినా ఎప్పుడో ఎవరో ఒకరు పెట్టిందే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఏరోగ్రాం మీద రాశాను: లాకుల వారు. నిజంగా పిరికితనం తప్ప ఇంకేమీ కాదు, ఇప్పుడు ఏ పేరు పెట్టినా.

నాన్న ఆ ఉత్తరాన్ని కళ్లకద్దుకున్నాడని అమ్మ రాసింది. ఆ ఏడాదే తను పనిచేసిన బడిలో మంచినీళ్ల గది కట్టించి రాయి వేయించాడు. తర్వాత నేను ఊరెళ్లినప్పుడల్లా నన్ను అక్కడికి తీసుకెళ్లి, చదువు అనేవాడు. చదివేదాన్ని. ఒకసారి చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఆయన రాయి మీద దుమ్ము పైపంచెతో తుడుస్తున్నాడు. నోరు మూసుకున్నాను. నాన్న పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఫ్రావు కెస్లర్ అంతకు ముందే పోయింది. జినెట్ నుంచి కొన్నేళ్లు క్రిస్మస్ కార్డులు వచ్చేవి. ప్రతిదాంట్లోనూ అడుగున ఒక చిన్న సున్నా గీసి పంపేది. నేను శుభాకాంక్షలు మాత్రం రాసేదాన్ని. ఆమెకూ విసుగొచ్చిందో, ఏమయిందో, ఆగిపోయాయి.

ఇప్పుడు చూస్తే ఏముంది, ఫోటో కావాలంటే క్షణంలో వస్తుంది, గొంతు కావాలంటే ఫోనులో దాచుకోవచ్చు. అప్పుడు మాకు మనుషులే ఉండేవాళ్లు. మనిషి చెబితే మనిషి గుర్తుంచుకోవాలి. అందరికీ అదే పద్ధతి, ఏదో విధంగా సాగిపోయేది. నేను ఒక్క మధ్యాహ్నం, ఒక్క మేడమెట్ల వరస ఎక్కలేదు, అంతే. పిల్లది ఏడ్చింది కాబట్టి అని యాభై ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. మోకాలు కడిగి మందు రాశాక ఆ సాయంత్రమంతా ఉంది, ఆ వారమంతా ఉంది.

ఆదివారం లీనా వచ్చింది. రెండు కాగితాలూ, నాదీ దానిదీ, పక్కపక్కన పరిచి మొత్తం చెప్పాను. తెలుగులో మొదలుపెట్టి, దానికి అందనిచోట జర్మనులోకి మారి, చింతపండు దగ్గర ఆగి, మళ్లీ చెప్పాను. అది ఎక్కడా అడ్డురాలేదు. అయ్యాక, నువ్వు అబద్ధం చెప్పావా అమ్మమ్మా అంది. అవునన్నాను. మీ నాన్నకా అంది. అవును, మా నాన్నకే. ఈ మాట పైకి అనడానికి నాకింత కాలం పట్టిందే అనిపించింది, పదకొండేళ్ల పిల్ల ముందు సిగ్గు కూడా వేసింది.

అది రబ్బరు తీసుకుని ఆ గడిలో లాకుల అన్నది చెరిపింది. చెరిపి కాసేపు జినెట్ గీసిన నా కాగితం వైపు చూసింది. ఆ సిపాయికి రెండు పేర్లుండేవని చెప్పావుగా, అది ఎలా రాసేవాళ్లు అని అడిగింది. చెప్పాను. అప్పుడు గడిలో ముందు ఒక గీత గీసింది, ఖాళీ గీత. దాని తర్వాత 'గెనాంట్ లాకుల' అని రాసింది, అంటే లాకుల అని పిలవబడే మనిషి. ఇప్పుడు అబద్ధం కాదు కదా అంది. కాదన్నాను. నాయనమ్మ పేరు ఆ గీత మీద ఉండాల్సింది. లేదు, ఇక ఉండదు. కానీ ఉండాల్సిన చోటు తెలుస్తోంది.

కాగితం మడవబోతూ ఉంటే నా గడి కనిపించింది. అక్కడ నా పుట్టింటి పేరు సత్యనారాయణ అని రాసి ఉంది. ఇదేమిటే అంటే, మీ బెల్లు మీద ఉన్నదే కదా అంది. అది మీ తాతయ్య పేరు, నాది కాదు అన్నాను. మరి నీదేమిటి అంది. పదకొండేళ్లుగా మా ఇంట్లో ఈ పిల్ల తిరుగుతోంది, నేనూ చెప్పలేదు. దాని తల్లికైనా సరిగ్గా చెప్పానో లేదో.

"నూతలపాటి," అన్నాను.

"ఇంకోసారి చెప్పు," అంది. చెప్పాను. నేను రెండోసారి అంటుండగానే అది రాస్తోంది.